ఎల్లాజీ సీటు

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర హోటల్, మూడో అంతస్తు
26 జూన్ 2020, శుక్రవారం

వదినకు లోవరాజు రాస్తున్నది.

నిన్న పొద్దున దిగాను. విమానంలో అందరికీ తెల్లటి ప్లాస్టిక్ గౌన్లు, మొహానికి అడ్డంగా ఒక అద్దం ఇచ్చారు. కువైట్ నుంచి ఇక్కడిదాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకాయన దగ్గితే ముందు మూడు వరసలవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఎయిర్‌పోర్టులో చెయ్యి చాపమని ముద్ర వేశారు. ఓటు వేస్తే పెట్టే సిరాలాగే ఉంది, తోమినా పోవడంలేదు. పాస్‌పోర్టులు తీసుకున్నారు, వెళ్లేటప్పుడు ఇస్తారట. పోలీసు జీపు ముందు, మా బస్సు వెనక. రోడ్ల మీద జనం మామూలుగానే తిరుగుతున్నారు. మేమే దొంగల్లా ఉన్నాం.

ఈ హోటల్ నుంచి మన మెట్టుగూడ రెండు కిలోమీటర్లు ఉండదు. కిటికీ తీస్తే రైలు కూత వినబడుతుంది. ఇంత దగ్గరికి వచ్చి గది బయట కాలు పెట్టడానికి లేదు. అన్నం పొట్లం తలుపు ముందు కుర్చీలో పెట్టి, తట్టి, మనిషి కనబడకుండా వెళ్లిపోతారు.

ఫోనులో మాట్లాడితే పక్క వాటాలో ఇంటివాళ్లు వింటారని నువ్వు అన్నావు కదా. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు. ఎలాగూ నీతో ఫోనులో మాట్లాడితే నాకు సగం మాటలు గొంతులోనే ఉండిపోతాయి.

అన్నయ్య రాలేదని నిన్న మెసేజి పెట్టాను. నువ్వు కంగారుపడి ఉంటావు. చివరి నిమిషంలో వాళ్ల కంపెనీ ఆపేసింది. ఏవో ఏసీ పనులు మిగిలాయట. తర్వాతి విమానానికి వస్తాడు. ఒంట్లో బాగానే ఉంది.

ఇక్కడ ఏడు రోజులు, తర్వాత ఇంట్లో ఏడు రోజులు ఉండాలి. ఫారంలో మన ఇంటి అడ్రసే రాశాను. వార్డు ఆఫీసు నుంచి నీకు ఫోను వస్తుంది. అవునని చెప్పు చాలు. నువ్వు ఇటువైపు రావద్దు. గేటు దగ్గర ఎవరినీ ఉండనివ్వరు.

నీ చేతి అన్నం తిని పెరిగినవాడు,
లోవ


మెట్టుగూడ
26 జూన్, సాయంత్రం

లోవా,

క్షేమంగా దిగినందుకు దేవుడికి దండం పెట్టాను. ఇక అడగవలసినవి అడుగుతాను.

మీ అన్నయ్య మొన్న సాయంత్రం నాకు ఏం మెసేజి పెట్టాడో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "బ్యాగు సర్దీసేను. రేపు దిగీసి ఫోను చేస్తాను." అంతే. ఆ తర్వాత ఒక్క ముక్క లేదు. కంపెనీ ఆపితే ఆ మాట తన పెళ్లానికి తను చెప్పడా? నిన్నంతా ఆయన ఫోనుకు నేను పెట్టినవాటికి ఒక్క గీతే ఉంది. ఈ పొద్దున చూస్తే రెండు గీతలు, అవీ నీలం రంగు. చదివాడు. చదివి మాట్లాడడంలేదు. తొమ్మిదేళ్లుగా ఆయన అక్కడ ఉన్నాడు, ఒక్కసారి కూడా ఇలా చేయలేదు.

ఇంకొకటి. కంపెనీ పని లేదని, మార్చి నుంచీ గదిలోనే కూర్చున్నామని చెప్పింది మీరిద్దరే. ఇప్పుడు హఠాత్తుగా ఏసీ పనులు ఎక్కడినుంచి వచ్చాయి?

ఆయనకు ఆ రోగం వచ్చిందా? వస్తే వచ్చిందని చెప్పు. నేను ఏడ్చి ఊరుకునే మనిషినే గాని పడిపోయే మనిషిని కాదు. మీ అమ్మ గవరమ్మ పోయేటప్పుడు నువ్వు పదకొండేళ్లవాడివి, నా కొంగు పట్టుకుని నిలబడ్డావు. అప్పుడు నాకు పెళ్లై ఏడాది. ఆ రోజు నుంచీ నువ్వు అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది. ముందు ఊరి సంగతులన్నీ చెప్పి అసలు సంగతి చివర నాలుగు ముక్కల్లో చెబుతావు. ఇప్పుడూ అలాగే రాశావు.

ఇంటి ఓనరు బ్రహ్మచారి గారికి ఎలా తెలిసిందో తెలిసింది. కుట్టిన మాస్కులు ఆరేస్తుంటే మెట్ల మీద నిలబడి, "ఏందమ్మా దేవీ, మీ మరిది కువైట్‌కెల్లి వచ్చిండంట? గిట్ల చెప్పకుంట తెచ్చి పెట్టుకుంటవా ఏంది?" అన్నాడు. ఇంకా ఏమీ నిర్ణయం కాలేదని చెప్పాను. ఆయన భార్య బుచ్చమ్మ నల్లా దగ్గర నా బకెట్టు పక్కన తన బకెట్టు పెట్టడం మానేసింది. ఈ వాడకట్టులో ఎవరు తుమ్మినా అందరికీ లెక్కే.

తునిలో సాయిదుర్గ వాళ్ల నాన్న కూడా ఫోను చేశాడు. అబ్బాయి వచ్చాడు కదా, పెళ్లి శ్రావణంలో పెట్టుకుందామా అని. నువ్వు బయటికి వచ్చాక చెబుతానన్నాను.

అన్నం సరిగ్గా తిను. నిజం రాయి.

దేవి


హోటల్
27 జూన్, శనివారం

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అన్నయ్యకు రోగం లేదు. ఒట్టు. వాళ్లు ఉండే పేట చుట్టూ కంచె వేశారు, సరుకులు కంచె దగ్గరికి తెచ్చి ఇస్తారు, అంతే. ఫోనులో ఏదో ఇబ్బంది ఉంది. నీలం గీతల సంగతి నాకు తెలియదు. ఆ ఫోనుకు నువ్వు ఇంక ఏమీ పెట్టకు వదినా. ఎందుకని అడగకు, పెట్టకు.

కంపెనీ అని రాసింది నిజం కాదు. నీకు బాధ కలుగుతుందని అలా రాశాను. అన్నయ్యే తన సీటు వదులుకున్నాడు. తనకంటే అవసరం ఉన్న మనిషికి ఇచ్చాడు. అక్కడి తెలుగువాళ్లకు విమానం జాబితా రాసే దేవానందం గారిని బతిమాలి, ఎల్లాజీ అన్న తన పేరు కొట్టించి ఆ మనిషి పేరు రాయించాడు. ఆయన మనసు నీకు తెలియనిది కాదు.

ఇక్కడ రేపు గాని ఎల్లుండి గాని ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేస్తారట. పక్క గదిలో హరికిషన్ అని నిజామాబాద్ ఆయన ఉన్నాడు. గోడ తట్టి, "తమ్మీ, ఉన్నవా?" అంటాడు. ఉన్నానంటాను. రోజుకు మూడుసార్లు అదే మాట. పాపం, ఆయనకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

సాయిదుర్గ వాళ్లకు ఇప్పుడే మాట ఇవ్వకు. నేను వచ్చాక మాట్లాడుకుందాం.

లోవ


మెట్టుగూడ
29 జూన్, సోమవారం

లోవా,

రావద్దన్నావు. వచ్చాను.

మోండా మార్కెట్ దగ్గర మందుల దుకాణానికి రెండొందల మాస్కులు ఇవ్వవలసి ఉంది. ఇచ్చి, తిరిగి వచ్చేటప్పుడు మీ హోటలుకు ఎదురు పేవ్‌మెంటు మీద, మూసేసిన మిఠాయి కొట్టు నీడలో నిలబడ్డాను. నీ కిటికీ కనబడుతుందేమో, దూరం నుంచి ఒకసారి చూసి పోదామని. నన్ను ఏ కానిస్టేబులూ పొమ్మనలేదు.

పార్కింగులో టెంటు వేసి ఉంది. మిమ్మల్ని ఒక్కొక్కరినే దించి వరసలో నిలబెట్టారు. నిన్ను పోల్చుకున్నాను. చిక్కిపోయావు. నా కళ్లు నిండాయి. చెయ్యి ఊపబోయాను. అప్పుడు నీ ముందు నిలబడ్డ ఆడమనిషిని చూశాను.

ఆవిడ ఒంటి మీద ఉన్న నీలం గళ్ల చొక్కా మీ అన్నయ్యది. పోలికలుండవా, ఒకేలాంటివి బజారులో వంద ఉండవా అంటావేమో. ఎడమ మోచెయ్యి దగ్గర చిరిగితే బూడిదరంగు గుడ్డ లోపల వేసి నేనే కుట్టాను. ఆ మాసిక రోడ్డుకు ఇవతల నుంచి కనబడింది. నా కుట్టు నాకు తెలియదా?

ఎండకో ఏమో ఆవిడకు తల తిరిగినట్టయింది. నడుం మీద చెయ్యి వేసి గుంజ పట్టుకుంది. నువ్వు పరుగెత్తి ఎవరిదో కుర్చీ లాక్కొచ్చి వేశావు. పరీక్ష చేసే ఆ తెల్ల సూట్లవాళ్లు దూరం దూరం అని అరుస్తున్నా నువ్వు వినలేదు. ఆవిడ కాళ్లు ఎడంగా పెట్టి, వెనక్కి ఆనుకుని, మెల్లగా కూర్చుంది. నాకు పిల్లలు లేకపోవచ్చు లోవా, కళ్లున్నాయి. కడుపుతో ఉన్న మనిషి ఎలా కూర్చుంటుందో తెలుసు.

తనకంటే అవసరం ఉన్న మనిషి అని రాశావు. ఎంత జాగ్రత్తగా రాశావు.

ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లూ వెనక్కి తిప్పి చూసుకున్నాను. రెండేళ్ల క్రితం వచ్చినప్పుడు నెలన్నర ఉండవలసినవాడు నెలకే ఎందుకు వెళ్లిపోయాడు? పిల్లల సంగతి ఎత్తితే, "ఉన్నోళ్లు ఏటి బాగుపడ్డారే" అని ఎందుకు మాట మార్చేవాడు? పన్నెండేళ్లు మందులు మింగింది నేను. అన్నిటికీ ఇప్పుడు వేరే అర్థాలు కనబడుతున్నాయి.

నువ్వు వద్దన్నా ఆ ఫోనుకు మెసేజీలు పెట్టాను. ఏం పెట్టానో నీకు చెప్పను. అవీ నీలం అయ్యాయి. ఆవిడ ఎవరో చెప్పు. పేరు చెప్పు.

దేవి


హోటల్
30 జూన్, మంగళవారం

వదినా,

నువ్వే కళ్లారా చూశాక ఇంక దాచేది ఏముంది. నువ్వు ఇంత కోపంగా రాస్తావని తెలిసే ఇన్నాళ్లూ నోరు విప్పలేకపోయాను.

ఆమె పేరు కాంతమణి. అమలాపురం దగ్గర వాళ్లది. అక్కడ ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. ఐదో నెల. ఆ దేశంలో పెళ్లి కాగితం లేకుండా కడుపుతో ఆసుపత్రికి వెళ్తే నేరుగా పోలీసులకు చెబుతారు. జైలు. బిడ్డ పుట్టినా జైల్లోనే. ఆమె పేరు ఆగస్టు దాకా ఏ విమానంలోనూ రాలేదు. ఆగస్టుకు దాచే వీలుండదు. అన్నయ్య రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆఖరికి బయలుదేరే రాత్రి, నీకు మెసేజి పెట్టాక, తన సీటు ఇచ్చేశాడు. పొట్ట కనబడకుండా తన చొక్కా కూడా ఆయనే వేసుకోమన్నాడు. ఆమె కోసం అన్నయ్య చేసింది నేను జన్మలో మరిచిపోను.

తప్పు జరగలేదని నేననను. జరిగింది. కాని ఆమెను ఏమీ అనకు. ఆమె చాలా పడింది. కడుపులో ఉన్నది మన ఇంటి బిడ్డే వదినా. మన ఇంట్లో చోటు లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది? ఫారంలో ఆమె అడ్రసు కూడా మన ఇంటిదే రాశాను. నువ్వు కాదంటే వెళ్లడానికి ఆమెకు ఎవరూ లేరు.

పరీక్ష ఫలితాలు వచ్చాయి. మా ఇద్దరికీ లేదు.

నీ పాదాలు పట్టుకుని అడుగుతున్నాను.

లోవ


మెట్టుగూడ
1 జూలై, బుధవారం, మధ్యాహ్నం

లోవరాజుకు,

మన ఇంటి బిడ్డ. ఆ మాట చదివి కాగితం కుట్టు మిషను మీద విసిరికొట్టాను. మీ అన్నదమ్ములిద్దరూ కూర్చుని ఎన్ని రోజులు ఆలోచించి రాసుకున్నారో ఆ మాట.

పొద్దున పదింటికి మీ అన్నయ్య ఫోను నుంచి నాకు మెసేజి వచ్చింది. "మా ఆయన" అని పేరు వెలిగింది. తెరిచి చూస్తే ఇలా ఉంది: "అక్కా, ఆయనను ఏమీ అనకండి. అంతా నా వల్లే. నేను మీ ఇంటికి రాను. మీరు పెట్టినవన్నీ చదివాను."

నా మొగుడి చొక్కా ఆవిడ ఒంటి మీద ఉంది. నా మొగుడి సీటులో ఆవిడ వచ్చింది. నా మొగుడి ఫోను ఆవిడ చేతిలో ఉంది. నేను నా మొగుడికి రాసుకున్న మాటలు ఐదు రోజులుగా ఆవిడ చదువుతోంది. ఇంక నాకు తెలియవలసింది ఏముంది?

పదకొండున్నరకు వార్డు ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. మీ ఇంటికి లోవరాజు, కాంతమణి ఇద్దరూ హోం క్వారంటైన్‌కు వస్తున్నారు, రెండో గది ఉందా అని అడిగింది. కాంతమణి ఎవరో నాకు తెలియదని చెప్పాను. మరి లోవరాజు అంది. ఈ అడ్రసుకు ఎవరూ రావడంలేదని చెప్పాను.

చెప్పి ఫోను పెట్టేశాను. చెప్పిన మాట వెనక్కి తీసుకోను.

ఎం. దేవి


హోటల్
1 జూలై, సాయంత్రం

వదినా,

ఇది చింపెయ్యకు. ఒక్కసారి చివరిదాకా చదువు.

బిడ్డ నాది. అన్నయ్యది కాదు. నాది.

నువ్వు అన్నయ్యను అనుమానిస్తున్నావని నాకు ఈ మధ్యాహ్నం నీ ఉత్తరం చదివేదాకా తెలియలేదు. నీ కోపమంతా నా మీదే అనుకున్నాను. కడుపుతో ఉన్న ఆడమనిషికి నేను కుర్చీ తెచ్చి వేయడం నువ్వు చూశావు. చూడగానే అర్థమైపోయి ఉంటుందనుకున్నాను. అందుకే "నా బిడ్డ" అని రాయడానికి సిగ్గుపడి "మన ఇంటి బిడ్డ" అని రాశాను. ఆ ఒక్క మాట తిన్నగా రాసి ఉంటే ఇంత జరిగేది కాదు.

నేను డ్రైవరుగా ఉన్న ఇంట్లోనే కాంతమణి పనిచేసేది. నాకంటే మూడేళ్లు పెద్దది. ఒకసారి పెళ్లై విడిపోయింది. ఏడాదిన్నరగా ఒకరినొకరం ఎరుగుదుం. మార్చిలో నీతో చెప్పాలని ఫోను చేశాను. నువ్వు ఎత్తగానే సాయిదుర్గ వాళ్లతో మాట అయిపోయిందని సంతోషంగా చెప్పావు. ఆ సంతోషం పాడుచేయలేక సరేనని ఫోను పెట్టేశాను. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది. ఆమె సంగతి కనిపెట్టి ఇంటావిడ ఫోను లాక్కుని, పాస్‌పోర్టు మొహాన కొట్టి, పొమ్మంది. నన్నూ పొమ్మన్నారు. మేమిద్దరం అన్నయ్య గదికి వెళ్లాం. ఆయన నన్ను చెంప మీద కొట్టాడు. తర్వాత ఆమెకు అన్నం పెట్టాడు.

అక్కడే తాళి కట్టేస్తానన్నాను. "దేవి లేకుండా నీకు పెళ్లేట్రా? దానికి ముందు చెప్పు. ఇండియాలో దిగిన రోజే నీ నోటితో చెప్పు. నాను చెప్పను" అన్నాడు. అందుకే ఆయన నీకు ఏమీ రాయలేదు. విమానాశ్రయంలో కాగితాలూ యాప్‌లూ చూపించాలి, ఆమె దగ్గర ఫోను లేదు. తన ఫోనే చేతిలో పెట్టి పంపాడు. దిగిన రోజు అది పనిచేయలేదు. హోటల్లో వైఫై కలపగానే నీ మెసేజీలన్నీ వచ్చాయి. అవి నీలం కావడానికి కారణం అదే. ఆమె నాకు చూపించలేదు, ఆమె గది కింది అంతస్తులో ఉంది. ఏం రాశావని అడిగినా చెప్పడంలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్నటి నుంచీ ఆమె అన్నం పొట్లం తలుపు బయటే ఉంటోందట. ఈ మధ్యాహ్నం తనకు అడ్రసు లేదని రాసిచ్చి, ప్రభుత్వ క్వారంటైన్‌కు పంపమని అడిగింది. రేపు పదకొండింటికి అందరినీ ఖాళీ చేయిస్తారు. నేను ఆమె వెంటే వెళ్తాను. మాకు చోటు పెట్టమని అడగడానికి నాకు మొహం లేదు. అన్నయ్యను మాత్రం ఏమీ అనుకోకు. ఆయన తప్పు ఏమీ లేదు.

లోవ


మెట్టుగూడ
2 జూలై, గురువారం, ఉదయం తొమ్మిది

లోవా,

తిట్లు తర్వాత. ముందు పని.

నిన్న సాయంత్రమే వార్డు ఆఫీసు అమ్మాయికి ఫోను చేసి, నేను చెప్పింది తప్పని, మీరిద్దరూ నా మనుషులేనని చెప్పాను. ఆ పిల్ల విసుక్కుంది. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట ఏమిటండీ అంది. పడ్డాను.

తర్వాత బ్రహ్మచారి గారి దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. కడుపుతో ఉన్న పిల్ల అని కూడా చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "నీ మీద కోపం లేదు బిడ్డా, జెర నా బాధ సుత సూడు. గేటుకు స్టిక్కర్ అతికిస్తే నా దుకాణంల కుర్చీ రిపేరుకు ఒక్కడొస్తడా?" అన్నాడు. కాదనలేకపోయాను. ఆరు రోజుల కింద మరొకరి ఇంటికి ఎవరైనా వస్తుంటే నేనూ అదే మాట అనేదాన్ని.

కాప్రాలో నాకు జాకెట్లు ఇచ్చే ఊర్మిళ గారు ఉన్నారు. వాళ్ల మేడమీద గదిలో ఉండే విద్యార్థులు మార్చిలోనే ఊళ్లకు పోయారు. ఆవిడ ఒక్క ప్రశ్న అడిగింది. ఎవరు వాళ్లు అని. మా మరిది, తోడికోడలు అని చెప్పాను. రమ్మంది. ఆ గదిలో మీరిద్దరూ. బయట వరండాలో నేను, నా మిషను.

కొత్త అడ్రసు కింద రాశాను. ఫారంలో అది మార్పించు. ఆమె రాసిచ్చిన కాగితం వెనక్కి తీసుకునేదాకా గేటు దాటకు. రానంటే నన్ను అడగమను. నేను ఆ ఫోనుకు ఈ పొద్దున మళ్లీ రాశాను. ముందు రాసినవి నా ఫోనులో తుడిచేశాను గాని చదివినవాళ్ల మనసులోంచి ఎలా తుడుస్తాం? "ఆ కడుపు నిలబడదు" అని రాశాను లోవా. పన్నెండేళ్లు పిల్లల కోసం మొక్కుకున్నదాన్ని, ఆ మాట ఎలా రాశానో నాకు తెలియదు. నీకు చెప్పకుండా దాచుకుంది ఆ పిల్ల. నేనే చెబుతున్నాను.

తుని వాళ్లకు ఫోను చేశాను. సాయిదుర్గ నాన్న తిట్టిన తిట్లన్నీ నీ పేరు మీద నేను తీసుకున్నాను. తిట్టడానికి ఆయనకు హక్కుంది.

పదకొండింటికి గేటు ఎదురుగా ఉంటాను. దగ్గరికి రాను.

దేవి


కాప్రా, మేడమీద గది
5 జూలై, ఆదివారం

వదినా,

తలుపుకు ఇవతల కూర్చుని రాస్తున్నాను. నీ మిషను చప్పుడు వినబడుతోంది.

మూడు రోజులుగా పళ్లెం పెడతావు, గడియ తట్టి వెళ్లిపోతావు. హోటల్లోవాళ్లు కూడా అంతే చేసేవాళ్లు. కాంతమణితో కిటికీలోంచి రెండు ముక్కలు మాట్లాడుతున్నావు, మందులు వేసుకుందా అని అడుగుతున్నావు. నేను కిటికీ దగ్గరికి వస్తే లేచి వెళ్లిపోతున్నావు. తొమ్మిదో తేదీన ఏడు రోజులూ అయిపోతాయి. ఆ తర్వాత మమ్మల్ని ఎక్కడికో పొమ్మంటావని, అది చెప్పలేక మాట్లాడడంలేదని అనుకుంటున్నాను. నిన్న నువ్వు ఊర్మిళ గారితో "తొమ్మిది దాకానే" అనడం విన్నాను. పొమ్మనేదైతే ఇప్పుడే చెప్పు. ఆమెకు వేరే చోటు చూసుకుంటాను.

అన్నయ్య గురించి ఏమైనా తెలిసిందా? ఆయన దగ్గర ఫోను లేదు. దేవానందం గారికి మెసేజి పెట్టాను. జవాబు లేదు.

లోవ


కాప్రా, వరండా
8 జూలై, బుధవారం

లోవా,

ఇది తలుపు కింద నుంచి తోస్తున్నాను. మధ్యలో ఒక చెక్క ఉంది అంతే, నోటితో చెప్పొచ్చు. నోటితో అయితే మొదట కేకలే వస్తాయి. అందుకే రాస్తున్నాను.

ఊర్మిళ గారితో తొమ్మిది దాకానే అన్నది నా మిషను వరండాలో ఉండే సంగతి. వానలు పడుతున్నాయి కదా, తర్వాత లోపలికి జరుపుకుంటానని. మీరు మొదటినుంచీ సగం సగం చెబుతున్నారు, నేను సగం సగం వింటున్నాను. ఈ ఇంట్లో అది ఇంక చాలు. ఆ గది మనకు దసరా దాకా ఇస్తానంది. ముగ్గురం ఇక్కడే ఉంటాం.

నిన్న మధ్యాహ్నం మీ అన్నయ్య మాట్లాడాడు. దేవానందం గారు సరుకులు పంచడానికి కంచె దగ్గరికి వెళ్లి, తన ఫోను ఇచ్చాడట. నువ్వు నిద్రపోతున్నావు. నిన్ను లేపకుండా ముందు నేనే మాట్లాడాలనుకున్నాను. ఆ ఐదు నిమిషాలూ నావి.

జ్వరం వచ్చి తగ్గిందట. నాలుగు రోజులు నోటికి రుచి తెలియలేదట, ఇప్పుడు తెలుస్తోందట. నాకు చెప్పేవాళ్లు లేక తెలియలేదు గాని నేను ఆ ఫోనుకు శాపనార్థాలు పెడుతున్న రోజుల్లోనే ఆయన గదిలో ఒక్కడే జ్వరంతో పడి ఉన్నాడు.

"లోవగాడు అంతా చెప్పేడా? పిల్లని ఇంట్లోకి రానిచ్చేవా?" అని అడిగాడు. రానిచ్చానన్నాను. అంతటితో ఊరుకుని ఉంటే ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఊరుకోలేకపోయాను. ఆయనను ఏమనుకున్నానో, ఏమేం రాశానో, వార్డు ఆఫీసుకు ఏం చెప్పానో అంతా చెప్పాను.

"ఫోను దానికిచ్చీసేనని ఇంకో ఫోను నుంచైనా నీకు ఓ మాట చెప్పాల్సింది దేవీ. నాకు తోచనేదు. వాడే చెప్పాలని పంతం పట్టేను. అందులో నా తప్పు కూడా ఉంది" అన్నాడు.

ఆయన కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. నన్ను అనడానికి ఎంతో ఉండి కూడా తన తప్పు వెతుక్కున్నాడు. పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన మనిషిని ఒక చొక్కా మాసిక చూసి ఐదు రోజుల్లో ఏమిటో చేసేశాను. దీనికి ఆయన వచ్చాక ఎదురుగా నిలబడి నేను జవాబు చెప్పుకోవాలి. ఆగస్టు పదమూడున విమానం ఉందట, జాబితాలో పేరు రాశానని దేవానందం గారు అదే ఫోనులో చెప్పాడు. పేరు రాయడం వేరు, ఎక్కడం వేరు. దిగేదాకా నేను నమ్మను.

నీతో మాట్లాడనిది పొమ్మనడానికి కాదు. అన్నయ్య మీద నింద పడుతుంటే నువ్వు చూడలేదు సరే, నీకు తెలియలేదు సరే. మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలు నాకు ఒక్క మాట చెప్పడానికి భయపడ్డావు చూడు, ఆ కోపం. నేను ఏం చేస్తాననుకున్నావురా? అరుస్తాననుకున్నావు. అరుస్తాను. అరిచాక అన్నం పెట్టకుండా ఏనాడైనా ఉన్నానా?

కాంతమణి నిన్న కిటికీ దగ్గర కూర్చుని, "అక్కా, మీరు రాసినవి తలుచుకుని బాధపడుతున్నారా?" అని అడిగింది. అవునన్నాను. "నేను మీ స్థానంలో ఉంటే ఇంకా ఎక్కువ రాసేదాన్ని" అంది. ఆ పిల్లకు నా మీద నమ్మకం కుదిరిందని నేననుకోవడంలేదు. పళ్లెం తీసుకునేటప్పుడు ఇంకా నా మొహం చూసిగాని చెయ్యి చాపదు. కుదరనీ. తొందరేమీ లేదు.

రేపు వార్డు ఆఫీసు అమ్మాయి వచ్చి గోడ మీద అతికించిన క్వారంటైన్ కాగితం చింపుతుంది. తలుపు తీయగానే ముందు ఆమెను రానీ. డాక్టరమ్మ దగ్గరికి పదింటికి రమ్మన్నారు, నేను తీసుకెళ్తాను. మేం తిరిగి వచ్చేదాకా నువ్వు గదిలోనే ఉండు. నీతో నాకు నాలుగు నెలల మాటలున్నాయి, వాటికి ఒక పూట పడుతుంది.

మీ వదిన,
దేవి